జూన్‌లో ఇవ్వాలంటే ఏప్రిల్‌లోనే అడగాలి: తిరుపతి ప్రైవేటు బడిలో ‘ఉభయం’ లెక్క

జూన్ 12 ప్రాంతంలో బడి తెరుస్తారు. ఆ వారంలోనే చాలా ప్రైవేటు బళ్లలో పిల్లల డైరీల్లోకి ఒక నోటీసు ఎక్కుతుంది: ‘పేద పిల్లల కోసం మీకు తోచినంత సాయం చేయండి’. పది రోజులు గడిచాక ఆఫీసు గది మూలన ఒక అట్టపెట్టె తేలుతుంది. అందులో జిప్పు పోయిన బ్యాగులు నాలుగు, కాలరు నలిగిన చొక్కాలు, సిలబస్ మారిపోయిన గైడ్లు. వానలు పడే నాటికి ఆయమ్మ దాన్ని పాత సామాన్ల బండికి వేసేస్తుంది. తల్లిదండ్రులకు ఇచ్చే మనసు లేదని అప్పుడు స్టాఫ్‌రూంలో తీర్పు పడుతుంది. ఆ తీర్పు తప్పు. అదే తల్లిదండ్రులు ఊళ్లో జాతరకు పిలవకుండానే వచ్చి ఇస్తారు. బడి అడిగే తీరులోనూ, అడిగే నెలలోనూ లోపం ఉంది.

ఈ కేసులో ఇచ్చే బడి తిరుపతిలో 1 నుంచి 10 దాకా సుమారు 600 మంది ఉన్న ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి. అందుకునేది చంద్రగిరి దాటాక మామిడి తోటల మధ్య 90 మంది పిల్లలున్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఈ రెండూ మాదిరి బళ్లే. ఇలాంటి చోట్ల పని నడిచే తీరును ఒకచోట కూర్చి రాసిన కేసు ఇది. లెక్కలు పద్ధతి చూపడానికి వేసినవి, ఎవరి బడికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవాలి.

ఏది అక్కర్లేదో ముందు తేలాలి

ప్రభుత్వ బడి పిల్లలకు బ్యాగులు కొనిద్దామనేది అందరికీ మొదట తట్టే ఆలోచన. అక్కడే సగం డబ్బు వృథా. రాష్ట్ర ప్రభుత్వం ఏటా బడి తెరిచే వేళకు కిట్ ఇస్తోంది. 2020 నుంచి ‘విద్యా కానుక’ పేరుతో, ఇప్పుడు ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’ పేరుతో. అందులో బ్యాగు, మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, పాఠ్యపుస్తకాలు ఉంటాయి. రెండో బ్యాగు ఇస్తే అది ఇంట్లో ఉల్లిగడ్డలు పోసుకోవడానికి పోతుంది.

మరి ఏం తక్కువ? హెచ్‌ఎంను ‘మీకేం కావాలి సార్?’ అని అడిగితే ప్రహరీ గోడ, బీరువా, టీవీ అని చెబుతారు. ఆయన తప్పు కాదు, ప్రశ్నే అలా ఉంది. ఇలా అడగాలి: ‘సార్, జూన్, జూలైలో మీ పిల్లోళ్లు ఏది లేక ఆగిపోతా ఉండారు?’ అప్పుడు అసలు జవాబులు వస్తాయి. ఎక్కాలు, డిక్టేషన్ రాసుకోవడానికి రఫ్ నోట్లు లేవు. ఇచ్చిన నోట్లను మంచిగా ఉంచమంటాం కాబట్టి పిల్లలు వాటిలో తప్పు రాయడానికి భయపడతారు. యూనిఫాం గుడ్డ వచ్చింది గానీ కుట్టించలేదు. జూన్‌లో దర్జీ దగ్గర రద్దీ, చేతిలో డబ్బు ఆడని నెల. ఆ పిల్లలు జూలై దాకా రంగు బట్టల్లోనే వస్తారు.

కాబట్టి ఈ కేసులో పనులు రెండే: రఫ్ నోట్లు, కుట్టు. మూడోది ఒక చిన్న చేర్పు, తిథి భోజనం. ఇంతకు మించి మొదటి ఏడాది పెట్టుకోకూడదు.

ఈ మాటలన్నీ ఫిబ్రవరి, మార్చిలోనే హెచ్‌ఎంతో, ఆ బడి పేరెంట్స్ కమిటీతో అయిపోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ తల్లులకు చెప్పకుండా హెచ్‌ఎం ఒక్కరితో మాట్లాడుకుని వస్తే, తర్వాత ‘మా పిల్లల్ని బీదోళ్లని చూపించారు’ అనే మాట పుడుతుంది. మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఒక కాగితం మీద సమాచారం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకుని ఫైల్లో పెట్టండి. జూన్‌లో మీటింగు పెట్టాల్సి వస్తే సాయంత్రం ఆరు తర్వాతే. అది తోతాపురి కోత కాలం. దామలచెరువు మండీకో, గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసకో పోయిన మనిషి పగలు మీటింగుకు రాడు. 2025లో లాగా కాయకు ధర పడిపోయిన ఏడాదిలో ఆ ఊరివాళ్ల చేత ఒక్క రూపాయి ఖర్చు పెట్టించే పని ఏదీ పెట్టుకోవద్దు, వాళ్ల పిల్లల కోసమే అయినా సరే.

అడిగే పద్ధతి మన గుళ్లలోనే ఉంది

ఉభయం, అంటే ఉత్సవంలో ఒక రోజు సేవను ఒక ఇల్లో ఊరో తమ వంతుగా మోయడం, చిత్తూరు, తిరుపతి వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో ఏ రోజు వాహనసేవ ఏ ఊరి వాళ్లదో, ఎవరు ఉభయదారులో ముందే నిర్ణయం. పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరిగినా అంతే. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు ఒకరిది, దుర్యోధన వధ రోజు ఇంకొకరిది. అక్కడ ఎవరూ ‘తోచినంత’ అనరు. రోజు తెలుసు, ఎంత చేయాలో తెలుసు, చేసేది ఎవరో ఊరందరికీ తెలుసు, వచ్చే ఏడు కూడా అది వాళ్లదే. ఈ నాలుగూ ఉంటే మనిషి తప్పించుకోడు, తప్పించుకోవాలనీ అనుకోడు.

బడి చేయాల్సింది అవసరాన్ని ముక్కలు చేసి ఉభయాలుగా రాయడం. ‘కుట్టుకు సాయం’ ఉభయం కాదు. ‘రెండు జతలు, జూన్ 14న గుడ్డ తీసుకుని 24కు తిరిగివ్వాలి’, ఇది ఉభయం. ‘వాలంటీర్లు కావాలి’ ఉభయం కాదు. ‘ఏప్రిల్ చివరి శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా కత్తిరింపు బల్ల దగ్గర నలుగురు పెద్దవాళ్లు’, ఇది ఉభయం. ఒక ముక్క ఒక కుటుంబం ఒక పూటలోనో ఒక వారంలోనో ముగించేంత ఉండాలి. మొత్తం ముక్కలు 60 దాటొద్దు. 600 మంది పిల్లలున్న బడిలో 60 ఉభయాలంటే పది మంది పిల్లలకు ఒకటి. ఆ కొంచెం కొరతే వాటికి విలువ తెస్తుంది. అందరికీ చాలినన్ని పెడితే ‘తర్వాత తీసుకుందాంలే’ అంటారు.

డైరీ నోటు ఇంగ్లీషులో వెళ్తే చాలా ఇళ్లలో అది చదివేది పిల్లలే. తెలుగులో, ఐదు వరసలు మించకుండా:

‘నమస్కారం. మన పిల్లల నోట్లలో మిగిలిన ఖాళీ ఆకులతో ఒక ఊరి బడి పిల్లలకు రఫ్ నోట్లు కుట్టిస్తున్నాం. ఆఖరి పరీక్ష రోజు మీ అబ్బాయి లేదా అమ్మాయి పాత నోట్లన్నీ ఒక సంచిలో బడికి పంపండి. కొత్తవి కొనవద్దు. డబ్బు పంపవద్దు. చేతిపని చేయగలిగినవారు కింది ఉభయాల్లో ఒకటి ఎంచుకుని క్లాస్ టీచరుకు ఫోన్ చేయండి.’

‘డబ్బు పంపవద్దు’ అనే వాక్యం తీసేయకండి. ఫీజు బకాయి ఉన్న తండ్రి ఆ మాట చదివాకే మిగతాది చదువుతాడు. వాట్సాప్ గ్రూపులో నోటు పెట్టి వదిలేస్తే బొటనవేలి గుర్తులు వస్తాయి, మనుషులు రారు. క్లాస్ టీచరు ఒక్కొక్కరికి ఫోన్ చేయాలి, అదీ వాళ్ల చేతిలో ఉన్న పని పేరు చెప్పి: ‘ఏమ్మా, మీరు మిషన్ కుడతారంట కదా, రెండు జతలు మీ ఉభయం కింద రాసుకోనా?’ ‘రాసుకోండి మేడమ్, గుడ్డ ఎప్పుడిస్తారు?’ ఇంతటితో పని తెగిపోతుంది. దేశం నలుమూలల నుంచి జనం సెలవు పెట్టుకుని తిరుమల వచ్చి శ్రీవారి సేవలో చేతులారా పనిచేసిపోతున్నారు, 2000 నుంచి. చేతిసాయం అడగడానికి ఈ ఊళ్లో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

రెండు పనులు మాత్రం చేయకూడదు. ఉభయదారుల పేర్లు గుడిలో శిలాఫలకం మీద చెక్కుతారు గదా అని బడిలో బోర్డు మీద రాయకూడదు. విద్యాహక్కు చట్టం 25 శాతం సీట్ల కింద చేరిన పిల్లలు అదే తరగతిలో ఉంటారు. బోర్డు మీద ఎవరి పేరు లేదో పిల్లలు ఇట్టే పసిగడతారు. తరగతుల మధ్య పోటీ కూడా పెట్టకూడదు. పోటీ పెడితే మూడో రోజుకల్లా తండ్రులు బజారుకు వెళ్లి డజన్ల లెక్కన కొత్త నోట్లు కొనుక్కొస్తారు, అంతటితో అసలు పని గల్లంతు.

నోట్లు: ఎక్కడ చెడుతుందంటే

జూన్‌లో అడిగితే పాత నోట్లు ఉండవు. ఏప్రిల్ 23 ప్రాంతంలో బడి మూస్తారు, మే నెలలో ఇల్లు సర్దేటప్పుడు అవి కిలోల లెక్కన కాటాకు పోతాయి. అందుకే సేకరణ ఆఖరి పరీక్ష రోజే. ఇంటి దాకా వెళ్లిన నోటు తిరిగి రాదు.

4 నుంచి 9 దాకా ఆరు తరగతులు తీసుకుందాం. పదో తరగతిని వదిలేయండి, వాళ్లకు పబ్లిక్ పరీక్షలతో మార్చిలోనే బడి అయిపోతుంది. తరగతికి తక్కువలో తక్కువ 40 మంది, మనిషికి 8 నోట్లు, నోటుకు సగటున 15 ఖాళీ ఆకులు అనుకుంటే తరగతికి 4,800 ఆకులు. సగం మందే తెస్తారనుకుంటే 2,400. సిరా దిగినవి, మూలలు చిరిగినవి, మరకలవి పావు వంతు తీసేస్తే 1,800. ఒక్కో రఫ్ నోటుకు 40 ఆకులు వేస్తే తరగతికి 45 నోట్లు, ఆరు తరగతులకు 270. తొంభై మందికి తలా మూడు. ఏడాదికి చాలవు, సంక్రాంతి దాకా వస్తాయి.

నోట్లను ముందు సైజు ప్రకారం, తర్వాత గీత ప్రకారం వేరు చేయాలి. లాంగ్ నోట్లు ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప. ఒంటి గీత, గీత లేనివి, నాలుగు గీతలవి, చదరాలవి విడివిడిగా. నాలుగు గీతలవి ఒకటి, రెండు తరగతులకు బంగారం, వాటిని కలిపేయకండి. చదరాలవి లెక్కల ఎక్కాలకు పనికొస్తాయి.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు. సెంటర్ పిన్ నోటులో పిన్నులు విప్పి ఖాళీ కాగితాలు లాగేసి, మళ్లీ మధ్యలో పిన్ను కొడదామని చూస్తారు. అది కుదరదు. ఇలాంటి నోటులో ఆఖరి ఆకు, మొదటి ఆకు ఒకే కాగితం, మధ్యలో మడత. ఖాళీ ఆకులు ఉండేది చివర్లో. వాటి జత ఆకులు ముందువైపు రాసేసి ఉంటాయి. నోటు సగానికి పైగా ఖాళీగా ఉంటేనే మధ్య కాగితాలు రెండు వైపులా తెల్లగా దొరుకుతాయి. మామూలుగా చేతికొచ్చేవి విడి ఆకులే. విడి ఆకులకు మధ్య కుట్టు నిలవదు, పక్క కుట్టు వేయాలి.

పిన్నులు విప్పి, మడత మీద స్టీలు స్కేలు ఆనించి కటరుతో కోస్తే అంచు తిన్నగా వస్తుంది. కటరు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, దానికే నలుగురు ఉభయదారులు. పిల్లలు ఏరడం, లెక్కపెట్టడం, అంచులు కలపడం చేస్తారు. నలభై ఆకులు బల్ల మీద కొట్టి సమం చేసి, పైనా కిందా అట్ట పెట్టి, రెండు బట్టల క్లిప్పులతో బిగించాలి. ఎడమ అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపల దబ్బనంతో మూడు రంధ్రాలు: ఒకటి మధ్యన, రెండు దానికి అటూ ఇటూ. కింద ఒక చెక్క పలక ఉంచకపోతే బల్ల పాడవుతుంది. లాంగ్ నోటులో మార్జిన్ గీత ఎలాగూ ఉంటుంది కాబట్టి కుట్టు ఆ జాగాలో కలిసిపోతుంది, రాసే చోటు తగ్గదు. యాభై ఆకులు దాటితే రంధ్రం వంకర పోతుంది, పుస్తకం తెరిస్తే నిలవదు, మూసుకుపోతుంది. నలభైయే హద్దు.

దారం బైండింగ్ దారమైతే మేలు, లేకుంటే గోనెసంచి కుట్టేది. పూలు కట్టే దారం వారంలో తెగుతుంది. పుస్తకం ఎత్తుకు మూడింతలు కత్తిరించుకోవాలి. వెనకనుంచి మధ్య రంధ్రంలో పైకి, పై రంధ్రంలో కిందికి, వెనకవైపు పొడుగ్గా వచ్చి అడుగు రంధ్రంలో పైకి, మళ్లీ మధ్యలో కిందికి. ఇప్పుడు రెండు కొసలూ వెనకవైపు మధ్యన ఉంటాయి. పొడుగు దారానికి ఒకటి అటు, ఒకటి ఇటు వచ్చేలా చూసి రెండు ముళ్లు వేయాలి. రెండూ ఒకే పక్కకు వస్తే కుట్టు వదులవుతుంది. చేయి తిరిగాక ఇద్దరు పిల్లలు ఒక నోటును పది, పన్నెండు నిమిషాల్లో కుట్టేస్తారు. ముప్ఫై జతలు కూర్చుంటే, ఒక్కో జతకు తొమ్మిది నోట్లు, రెండు శనివారం మధ్యాహ్నాలు. ఆ శనివారాలు సెలవుల్లో పడతాయి, బడి వ్యాను ఉండదు. ఊళ్లోనే ఉండే పిల్లల జాబితా ముందే రాసుకోవాలి. మొదటి బ్యాచ్ ఏప్రిల్ చివర్లో ముగించి, మిగిలింది జూన్ మొదటి వారానికి ఉంచితే ఎండ బాధ తప్పుతుంది. తిరుపతిలో గంగమ్మ జాతర వారం జోలికి పోవద్దు, ఎవరూ రారు.

అట్టకు ఏం వాడాలి? తిరుపతిలో ప్రతి ఇంట్లో పాత టీటీడీ క్యాలెండర్లు ఉంటాయి, కాగితం దళసరిగా మెరుస్తూ ఉంటుంది. వద్దు. స్వామి బొమ్మ మీద కత్తెర వేయడానికి ఏ తల్లికీ చెయ్యాడదు. వేసినా, ఆ నోటు రేపు నేల మీద పడుతుంది, కాలికి తగులుతుంది, ఆ పిల్ల తిట్లు తింటుంది. పెళ్లి కార్డులతోనూ ఇదే చిక్కు. పాత నోటు అట్టనే తిరగేసి, తెల్ల వైపు పైకి వచ్చేలా వాడండి. ఇచ్చే బడి పేరు, లోగో, వెనకటి పిల్లవాడి లేబుల్ లోపలికి పోతాయి. ఆ లేబుల్ మీద ఫోన్ నంబరుంటే చించేయాలి. అట్టలు అతికించే పనుంటే ఫెవికాల్ చాలు. బైండింగ్ వాళ్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. చిన్నపిల్లలు పట్టుకునే పుస్తకాలకు ఆ జిగురు తేవద్దు.

కుట్టు

ఆ ఊళ్లో దర్జీ ఉంటే ఉభయాల కింద కుట్టు పెట్టొద్దు. ఆయనకే ఇచ్చి, కూలి ఇక్కడినుంచి కట్టండి. ఊరి దర్జీ గిరాకీని దానం పేరుతో లాక్కోవడం మంచి పని కాదు. దర్జీ లేని ఊరైతేనే తల్లుల మిషన్లు.

కొలతలు జూన్ రెండో వారంలో ఒక పూటలో అయిపోవాలి. ఒకరు టేపు, ఒకరు రాత, ఒకరు పిల్లల వరస. ఛాతీ, భుజం, చేయి, నడుము, పొడవు. పొడవుకు రెండంగుళాలు అదనం ఇచ్చి లోపలికి మడిచి కుడితే వచ్చే ఏడు విప్పుకోవచ్చు. ఒకటి, రెండు, మూడు తరగతులకు నడుముకు ఎలాస్టిక్. ఆ వయసు వాళ్లకు హుక్కు పెడితే బాత్రూంకు వెళ్లినప్పుడల్లా టీచరు వెంట పోవాలి. గుడ్డతోపాటు గుండీలు, జిప్పులు, కాన్వాస్, దారం రావు. వాటిని ఒకేచోట కొని ఒక్కో మూటలో వేసి ఇవ్వాలి, లేదంటే పది ఇళ్లలో పది రంగుల గుండీలు పడతాయి.

ఇందులో ఎక్కువగా చెడేది కుట్టు కాదు, చీటీ. కాగితం చీటీ పిన్నుతో గుచ్చితే కత్తిరించేటప్పుడు ఊడిపోతుంది, తర్వాత ఏ చొక్కా ఎవరిదో తెలీదు. గుడ్డముక్క మీద మార్కరుతో నంబరు రాసి, మూటకు ఒకటి, కుట్టిన బట్ట లోపలి అంచుకు ఒకటి టాకా వేయించండి. పేర్లు వద్దు, నంబరు చాలు. నంబరుకు పేరు కలిపే రిజిస్టరు హెచ్‌ఎం దగ్గరే ఉంటుంది. ఒక ఇంటికి రెండు జతలకు మించి ఇవ్వొద్దు. ‘నేను పది కుట్టేస్తా’ అని ఉత్సాహపడే మనిషి దగ్గరే అవి ఆగస్టు దాకా ఆగిపోతాయి.

డబ్బు వచ్చి పడితే

వద్దన్నా పూర్వ విద్యార్థులు పంపుతారు, ముఖ్యంగా బెంగళూరు, చెన్నై, అమెరికాల నుంచి. టీచరు ఫోన్‌పేలోకి ఒక్క రూపాయి రాకూడదు. బడి నడిపే ట్రస్టు లేదా సొసైటీ ఖాతాకే రావాలి, రసీదు ఇవ్వాలి. ఆదాయపన్ను మినహాయింపు ఆ సంస్థకు 80జీగా పేరుపడ్డ ఆమోదం ఉంటేనే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటిన మొత్తానికి అది వర్తించదు. విదేశాల్లో ఉన్నా భారతీయ పౌరుడిగానే ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు, ఎంత దగ్గరి మనిషైనా. అడ్మిషన్ల కౌంటరు దగ్గర ఈ కార్యక్రమం ఊసే ఎత్తకండి. చేర్చుకోవడానికి ముడిపెట్టి విరాళం తీసుకుంటే అది చట్టం నిషేధించిన కాపిటేషన్ ఫీజు అవుతుంది.

తిథి భోజనం

మధ్యాహ్న భోజన పథకంలోనే దీనికి చోటుంది: పుట్టినరోజో, పెద్దల తిథో ఉన్న ఇల్లు ఆ రోజు భోజనానికి ఒక వంటకం చేరుస్తుంది. బయట వండి తెచ్చిన డబ్బాలు, క్రీము కేకులు వద్దు. సరుకులు ఇచ్చి ఆ బడి వంట ఆయాలతోనే వండించాలి, వడ్డించే ముందు టీచరు రుచి చూడాలి. తొంభై మందికి సేమ్యా పాయసమంటే సేమ్యా రెండున్నర కిలోలు, పాలు తొమ్మిది, పది లీటర్లు, చక్కెర రెండున్నర కిలోలు. బెల్లంతో చేయాలనుకుంటే పొయ్యి దించి కాస్త ఆరాకే కలపాలి, మరిగే పాలలో వేస్తే విరిగిపోతాయి. అరటిపండు తలా ఒకటి అయితే ఈ గొడవలేమీ లేవు.

ఇచ్చే రోజు

స్టేజీ, మైకు, శాలువా, వరసలో నిలబడి అందుకునే ఫోటో ఏవీ వద్దు. నోట్లు అట్టపెట్టెల్లో హెచ్‌ఎం గదికి చేరతాయి, క్లాస్ టీచరే పంచుతారు. ఏ పిల్లకు ఎవరిచ్చారో తెలియనక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు పదిమంది వెళ్లి, అక్కడి ఐదో తరగతి వాళ్లకు పక్క కుట్టు నేర్పి రావచ్చు. దబ్బనం రంధ్రాలు ముందే వేసి తీసుకెళ్లాలి. ఇందుకోసం కొన్ని నోట్లు కుట్టకుండా విడిగా పంపాలి. ముడి ఏ పక్క పడాలో ఆ పిల్లలు చూపించినంత చక్కగా పెద్దవాళ్లు చూపలేరు. లెక్కకు మించి వచ్చినవాటిలో ఇరవై నోట్లు హెచ్‌ఎం బీరువాలో ఉంచండి. కోతల పని అయ్యాక ఊరు మారి వచ్చే కుటుంబాల పిల్లలు జూలైలో చేరతారు.

ఆ రోజే ఆ ఊరి బడి కూడా ఏదో ఒకటి తిరిగివ్వాలనుకుంటుంది, ఇవ్వనివ్వాలి. సాధారణంగా మొక్కలు ఇస్తామంటారు. జూన్‌లో తీసుకోవద్దు. మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జూన్ జల్లు నమ్మి నాటిన మొక్క దసరా లోపే ఎండిపోతుంది. అక్టోబరులో మొదటి గట్టి వాన పడ్డాక మునగ కొమ్మలు అడగండి: మూడడుగుల పొడవు, మణికట్టంత లావు, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, అడుగున్నర లోతు గుంటలో నాటి చుట్టూ మట్టి తొక్కాలి. గుంటలో నీళ్లు నిలిస్తే కొమ్మ కుళ్లుతుంది, కాబట్టి బడి కొళాయి పక్కన మాత్రం నాటొద్దు.